పీఎస్4 కంట్రోలర్‌ను పీసీకి కలపడం: దుబాసీ ప్రోగ్రాములతో నెట్టుకురావాలా, ఎక్స్‌బాక్స్‌ది కొనుక్కోవాలా?

మూడోబటన్:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) అమ్మేశాడు. కొన్నవాళ్లు ఒక కంట్రోలరే తీసుకెళ్లారు, రెండోది నాకు మిగిలింది. విండోస్ 11 లాప్‌టాప్‌కు బ్లూటూత్‌తో కలిపాను. పీఎస్ బటన్, షేర్ బటన్ కలిపి పట్టుకుంటే లైటు జంటగా మిణుకుతుంది. అక్కడివరకు తేలికే. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో కొన్న గేముల్లో బాగా పనిచేసింది. వేరేచోట కొన్న ఫుట్‌బాల్ గేముకు మాత్రం కంట్రోలర్ ఉన్నట్టే తెలియలేదు. ఎవరో చెబితే డీఎస్4విండోస్ అనే ప్రోగ్రాము వేశాను. ఇప్పుడు ఫుట్‌బాల్ గేము నడుస్తోంది, కానీ స్టీమ్ గేములు పాడయ్యాయి. కిందికి ఒకసారి నొక్కితే మెనూ రెండు వరుసలు దిగుతోంది. సంక్రాంతికి పెదనాన్న గారి పిల్లలు వస్తున్నారు. దీనితో కుస్తీ పట్టాలా, ఇది అమ్మేసి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ కొనాలా?

నల్లతెర:
అమ్మకండి. మీ కంట్రోలర్‌లో లోపమేమీ లేదు.

2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చినప్పుడు కంట్రోలర్ నొక్కులను గేముకు అందించడానికి మైక్రోసాఫ్ట్ ఎక్స్ఇన్‌పుట్ అనే పద్ధతి తెచ్చింది. ఆ తర్వాత తయారైన పీసీ గేముల్లో చాలావాటికి తెలిసిన భాష అదొక్కటే. మీ కంట్రోలర్‌ను విండోస్ గుర్తుపడుతుంది, కాకపోతే పాత డైరెక్ట్ఇన్‌పుట్ తరహా పరికరంగా గుర్తుపడుతుంది. మీ ఫుట్‌బాల్ గేము ఆ వైపు చూడదు. డీఎస్4విండోస్ చేసేది దుబాసీ పని. మీరు నొక్కినవి చదివి, నిజంగా లేని ఒక ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ను ఉన్నట్టు గేముకు చూపిస్తుంది. స్టీమ్ కూడా 2016 డిసెంబర్ నుంచి పీఎస్4 కంట్రోలర్‌కు ఇదే సేవ చేస్తోంది. మీ లాప్‌టాప్‌లో ఇప్పుడు దుబాసీలు ఇద్దరయ్యారు. అసలు కంట్రోలర్‌ను స్టీమ్ చదువుతోంది, డీఎస్4విండోస్ సృష్టించిన ఉత్తుత్తి కంట్రోలర్‌నూ చదువుతోంది. అందుకే రెండు వరుసలు.

ఒకరిని పంపించేయండి. తేలిక దారి ఏమిటంటే, డీఎస్4విండోస్ తీసేసి, ఫుట్‌బాల్ గేమును స్టీమ్ లైబ్రరీలో ‘నాన్-స్టీమ్ గేమ్’గా చేర్చుకుని అక్కడినుంచే తెరవండి. డీఎస్4విండోస్ ఉంచుకోవాలనుకుంటే హిడ్‌హైడ్ అనే చిన్న ప్రోగ్రాము వేసి అసలు కంట్రోలర్‌ను మిగతా వాటి కంటపడకుండా దాచండి.

కేబుల్‌బాబాయి:
కేబుల్ పెట్టండి. బ్లూటూత్‌ను నమ్మవద్దు.

పాతకొట్టు:
నేను చాలాకాలంగా కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాను. నా సలహా: అమ్మేయండి, ఎక్స్‌బాక్స్‌ది కొనండి. కేబుల్ గుచ్చగానే విండోస్ తనంతట తానే డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) వేసుకుంటుంది, గేము గుర్తుపడుతుంది, మీరు ఆడుకుంటారు.

నల్లతెర గారు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. డీఎస్4విండోస్ కింద విజెమ్‌బస్ అనే డ్రైవర్ నడుస్తుంది. లేని కంట్రోలర్‌ను చూపించేది నిజానికి అదే. దాన్ని తయారుచేసినాయన 2023లో ఆ పని ముగిసిందని ప్రకటించి, కోడ్‌ను చూసుకోవడానికి మాత్రం ఉంచి తప్పుకున్నాడు. ఇక దానికి మరమ్మతులు లేవు. అలాంటిదాన్ని సిస్టమ్ లోలోపల పెట్టుకోమని తెలియని పిల్లవాడికి చెబుతారా? రేపు ఏదో అప్‌డేట్ వచ్చి ఆగిపోతే ఎవరి తలుపు తట్టాలి?

మూడోబటన్:
పిల్లవాణ్ని కాదండీ, డిగ్రీ అయిపోయింది.

మౌస్‌రాజు:
కీబోర్డు, మౌస్ ఉండగా ఈ గొడవంతా ఎందుకు?

మూడోబటన్:
ఫుట్‌బాల్ గేము అండీ. ఒకే లాప్‌టాప్ ముందు ఇద్దరు కూర్చోవాలి.

మౌస్‌రాజు:
అయినా సరే.

నల్లతెర:
పాతకొట్టు గారూ, నేను మొదట చెప్పిందే డీఎస్4విండోస్ తీసేయమని. నేను తీసేయమన్నదాన్నే పట్టుకుని మీరు నాతో వాదిస్తున్నారు. స్టీమ్ దారిలో విజెమ్‌బస్ అవసరమే రాదు.

అయినా దాని సంగతీ చూద్దాం. ఆ డ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది. కోడ్ అందరి కళ్లముందూ ఉంది. నిర్మాత తప్పుకున్నంత మాత్రాన నడుస్తున్నది ఆగిపోదు. విండోస్ 11లో ఈరోజుకీ నడుస్తోంది. మీ దుకాణానికి వచ్చే ప్రింటర్ల డ్రైవర్లు ఎన్ని ఏ సంవత్సరంవో ఒకసారి చూడండి.

పాతకొట్టు:
ప్రింటర్ డ్రైవర్ పాతదైతే కంపెనీ పేరు చెప్పి తిట్టుకోవచ్చు. ఇక్కడ ఎవరిని తిట్టాలి?

స్టీమ్ దారి అన్నారు. అన్ని గేములకూ పనిచేస్తుందా? గేమ్‌పాస్‌లో (మైక్రోసాఫ్ట్ వారి చందా గేముల్లో) దించుకున్నవాటికి తరచూ పనిచేయదు. స్టీమ్ తన పై పొరను గేము మీద పరచగలిగితేనే ఆ దుబాసీకి చోటుంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చే గేములు చాలావరకు ఆ పొరను దగ్గరికి రానివ్వవు. ఆ కుర్రాడు రేపు గేమ్‌పాస్ తీసుకుంటే మళ్లీ మొదటికే వస్తాడు.

నల్లతెర:
రేపు తీసుకుంటే రేపు చూసుకుంటాడు.

కేబుల్‌బాబాయి:
ఎవరూ వినడం లేదు కాబట్టి వివరంగా చెబుతాను. పీఎస్4 కంట్రోలర్‌కు ఉన్నది మైక్రో యూఎస్‌బీ. ఇంట్లో పాత ఫోన్ల కేబుళ్లు అరడజను దొరుకుతాయి. వాటిలో కొన్ని చార్జింగుకు మాత్రమే పనికొస్తాయి. విద్యుత్తు తీగలు రెండూ ఉంటాయి, డేటా తీగలు రెండూ ఉండవు. కంట్రోలర్ మీద నారింజ లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం ఏమీ కనిపించదు. జనం కంట్రోలర్ పోయిందనుకుని బాధపడతారు. ఫోటోలు ఎక్కించుకోగలిగే కేబుల్ పెట్టండి. సమస్య తీరుతుంది.

నల్లతెర:
బాబాయ్, ఆయన కంట్రోలర్ కలిసింది. బ్లూటూత్‌తో కలిసింది. కలిసినందువల్లే రెండు వరుసలు దిగుతోంది.

కేబుల్‌బాబాయి:
అందుకే కేబుల్ పెట్టమంటున్నాను. బ్లూటూత్‌లో ఆలస్యం ఉంటుంది.

నల్లతెర:
ఆలస్యం వల్ల ఒక నొక్కు రెండు నొక్కులు కాదు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేములో ఒక ఫ్రేము నిడివి 16.7 మిల్లీసెకన్లు. మంచి బ్లూటూత్‌కూ కేబుల్‌కూ ఉండే తేడా అందులో కొంత భాగమే ఉంటుంది. టీవీకి కలుపుకుని గేమ్ మోడ్ వేయడం మరిచినవారికి దానికన్నా ఎక్కువ ఆలస్యం వస్తుంది, ఎవరూ గమనించరు.

కేబుల్‌బాబాయి:
నేను గమనిస్తాను.

ఎర్రబస్సు:
బ్లూటూత్ గురించి ఒక్కమాట. డెస్క్‌టాప్ వెనుక యూఎస్‌బీ 3 పోర్టులో బుల్లి బ్లూటూత్ డాంగిల్ పెట్టి, పక్క పోర్టులో హార్డ్ డిస్కు పెట్టేవారికి బటన్లు మధ్యమధ్యలో మింగేసినట్టవుతుంది. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుంది, బ్లూటూత్ ఉండేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం విడుదల చేసింది. డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో ముందువైపుకు తెస్తే చాలు. మూడోబటన్ గారిది లాప్‌టాప్ కాబట్టి వారికి ఇది వర్తించకపోవచ్చు. వెతుక్కుంటూ వచ్చేవారి కోసం రాశాను.

మూడోబటన్:
నల్లతెర గారూ, డీఎస్4విండోస్ తీసేసి, ఫుట్‌బాల్ గేమును స్టీమ్‌లో చేర్చాను. నడుస్తోంది. రెండు వరుసలు దిగడం పోయింది. ధన్యవాదాలు. ఇద్దరం ఆడేటప్పుడు రెండోది ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ అయినా ఇబ్బంది ఉండదు కదా?

రెండోచేతి:
పాతకొట్టు గారు “ఎక్స్‌బాక్స్‌ది కొనండి, ఆడుకోండి” అని రాసింది చూసి ఒళ్లు మండింది. నేను ఆ మాటే నమ్మి ఒకాయన దగ్గర వాడిన ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ కొన్నాను. బ్లూటూత్‌లో వెతికితే కనిపించనే కనిపించదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, 2013లో వచ్చిన మొదటి రకానికి అసలు బ్లూటూతే లేదు. మైక్రోసాఫ్ట్ సొంత వైర్‌లెస్ పద్ధతి ఉంది, దానికి వేరే అడాప్టర్ కొనాలి. బ్లూటూత్ వచ్చింది 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌తో ఇచ్చినదానికి. తేడా చూడాలంటే మధ్యలో ఉన్న పెద్ద బటన్ చుట్టూ చూడండి. అక్కడి ప్లాస్టిక్ ముందు భాగంతో కలిసిపోయి ఒకే పలకగా ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు. పైనున్న మెరిసే ముక్కలో భాగంగా విడిగా కనిపిస్తే లేనట్టు. అమ్మినాయన ఫోను ఎత్తడం మానేశాడు.

పాతకొట్టు:
వాడినది కొనమని నేను చెప్పలేదు. “కేబుల్ గుచ్చగానే” అని రాశాను, పైకి వెళ్లి చదవండి. మీ కంట్రోలర్ కేబుల్‌తో ఇప్పుడూ పనిచేస్తుంది.

కేబుల్‌బాబాయి:
అదీ మాట.

పెంగ్విన్:
లైనక్స్‌లో ఈ బాధలేవీ లేవు. పీఎస్5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్‌కు డ్రైవర్‌ను సోనీ వారే రాసి 2021లో 5.12 కెర్నెల్‌లో (లైనక్స్ మూల భాగంలో) చేర్పించారు. టచ్‌ప్యాడు, జైరో (వంపును పసిగట్టే సెన్సర్), బ్యాటరీ స్థాయి అన్నీ కనిపిస్తాయి. ఏ మూడో మనిషి డ్రైవరూ అక్కర్లేదు.

మౌస్‌రాజు:
గేములు కూడా అక్కర్లేదు కాబోలు.

పెంగ్విన్:
స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ కంప్యూటర్ నడిచేది దేనిమీదో కనుక్కోండి.

నల్లతెర:
ఇక సూటిగా అడుగుతాను. పాతకొట్టు గారు ప్రతి చర్చలోనూ “కొత్తది కొనండి” అనే ఎందుకు తేలుస్తారు? మొన్న పాత వైఫై కార్డు గురించి అడిగినవారికీ అదే, హార్డ్ డిస్కు గురించి అడిగినవారికీ అదే. ఈ కంట్రోలర్‌ను వాళ్లు డబ్బు పెట్టి కొన్నారు. బటన్లు పనిచేస్తున్నాయి, స్టిక్కులు పనిచేస్తున్నాయి, బ్యాటరీ పనిచేస్తోంది. గోడ కట్టింది కంపెనీలు. ఆ గోడకు ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా తలుపు పెట్టారు. ఆ తలుపులోంచి వెళ్లవద్దు, అయిదారు వేలు పెట్టి ఇంకో ఇల్లు కొనుక్కో అని చెప్పడం దుకాణదారుకు లాభమే కదా.

పాతకొట్టు:
ఇన్నాళ్లకు అసలు మాట బయటికి వచ్చింది. నేను సరుకు అమ్ముకోవడానికి ఇక్కడ రాస్తున్నానన్నమాట.

చెబుతాను వినండి. నా దుకాణంలో కంట్రోలర్లు అమ్మను. ఆన్‌లైన్ ధరకు నాకే రావు. నా దగ్గరికి వచ్చేవి ఇలాంటి ప్రోగ్రాములు చెడగొట్టిన లాప్‌టాప్‌లు. ఒక తండ్రి కొడుకు లాప్‌టాప్ తెచ్చాడు. ‘ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారట’ అన్నాడు. డీఎస్4విండోస్ అని వెతికి, ముందు కనిపించిన సైటు నుంచి దించుకున్నాడు ఆ పిల్లవాడు. అది అసలుది కాదు. దానితోపాటు ఏమేమి వచ్చాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మొత్తం తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించాను. పిల్లవాడి ప్రాజెక్టు ఫైళ్లు పోయాయి. ఆ తండ్రి తిట్టింది చర్చావేదికలో సలహా ఇచ్చినవారిని కాదు, నన్ను. డబ్బు కూడా ఇవ్వలేదు, నేనూ అడగలేకపోయాను. సలహా ఇచ్చినవారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటారు. మీకు తలుపులు కనిపిస్తున్నాయి. ఆ తలుపులకు చేతులు నలిగినవారు వచ్చేది నా దగ్గరికి.

నల్లతెర:
అందుకు నేనెలా బాధ్యుణ్ని? అసలు సైటు ఏదో చెప్పేది మాలాంటి వాళ్లమే. చెప్పేవారు లేకపోవడం వల్లే ఆ పిల్లవాడు ముందు కనిపించినదాన్ని నొక్కాడు.

నాకూ చెప్పుకోవడానికి ఒకటుంది. నేను చదువుకునే రోజుల్లో ఎవరో పారేయబోయిన పీఎస్3 కంట్రోలర్ నా చేతికి వచ్చింది. మినీ యూఎస్‌బీ, బ్లూటూత్ జతకట్టే పద్ధతి కూడా అందరిలా కాదు, విండోస్ దాన్ని పట్టించుకోదు. మా ఊరి దుకాణంలో అడిగితే, ‘ఇది పీసీకి పనికిరాదు బాబూ, కొత్తది తీసుకో’ అన్నారు. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. ఎక్కడో ఉన్న ముక్కూముఖం తెలియని మనిషి, పైసా తీసుకోకుండా, ప్రతి మెట్టూ రాసి పెట్టాడు. దానితోనే డ్రైవర్ అంటే ఏమిటో తెలిసింది. ఈరోజు నా ఉద్యోగం ఆ దారిలోనే వచ్చింది. అప్పుడు ఆ మనిషి ‘చెడిపోతే నేను జవాబు చెప్పాలి, ఎందుకు వచ్చిన గొడవ’ అని ఊరుకుని ఉంటే?

పాతకొట్టు:
మీకు కలిసి వచ్చింది. సంతోషం. అందరికీ మీలా ఓపిక ఉందనుకోవడమే మీ పొరపాటు.

అక్కయ్య:
మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. మా తమ్ముడికి కుడిచేయి పట్టు తక్కువ. వాడి వాడకానికి ఎడమ చేతి కిందికి రావలసిన బటన్లన్నీ నేనే మార్చి పెట్టాను. స్టీమ్‌లో ఆ అమరిక ప్రతి గేముకూ విడివిడిగా దాచుకోవచ్చు. కుడి స్టిక్కు బదులు కంట్రోలర్‌ను వంచితే చూపు తిరిగేలా జైరో పెట్టాం. పాతకొట్టు గారు చెప్పిన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో జైరో లేదు. ఇలాంటివారి కోసం మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అని తెచ్చింది. వెనుక 19 సాకెట్లు ఉంటాయి, కావలసిన స్విచ్చులు తగిలించుకోవచ్చు. గొప్ప వస్తువే. దాని ధర, స్విచ్చుల ధర కలిపితే మాకు అందదు. మీరు ‘దుబాసీ అనవసరం’ అని తేల్చేస్తుంటే, అది లేకపోతే వాడు ఆడలేడని చెప్పాలనిపించింది.

పాతకొట్టు:
అమ్మా, మీరు చేసింది మంచి పని. జైరో సంగతి నిజమే, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానీ మీ ఇంట్లో మీరున్నారు. ఒక ఉదయం స్టీమ్ ఏదో మార్చి ఆ అమరిక పోతే, మీ తమ్ముడు ‘అక్కా’ అని పిలుస్తాడు, మీరు సరిచేస్తారు. నేను అడుగుతున్నది అక్క లేని ఇంటి సంగతి. నల్లతెర గారు ఆ ఇంటికీ ఇదే సలహా ఇస్తారు. ఇచ్చి ఇంకో చర్చకు వెళ్లిపోతారు. నిలబడనివాడు సలహా చెప్పకూడదు. నా అభ్యంతరం అంతా అదే. ఎక్స్‌ఇన్‌పుట్టూ కాదు, విజెమ్‌బస్సూ కాదు.

నల్లతెర:
నాలుగు ముక్కలు నేర్పితే ఆ ఇంట్లోనే ఒకరు అక్క అవుతారు. మీరు నేర్పవద్దంటున్నారు.

పాతకొట్టు:
నేర్చుకోవాలని అందరికీ ఉండదండీ. సాయంత్రం కాసేపు ఆడుకుని పడుకోవాలని ఉంటుంది. వారు తెలివితక్కువవారేమీ కాదు.

నల్లతెర:
అన్నానా ఆ మాట?

అక్కయ్య:
అనలేదు. మీరిద్దరూ మూడోబటన్ గారిని మరిచిపోయారు. ఆయన ఎప్పుడో సరిచేసుకుని, వేరే ప్రశ్న అడిగి కూర్చున్నారు. చదివినవారే లేరు.

మూడోబటన్ గారూ, రెండోది ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ అయినా ఫరవాలేదు. ఎక్స్‌ఇన్‌పుట్‌లో నలుగురి వరకు చోటుంటుంది, స్టీమ్ మీదాన్నీ అలాగే చూపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. తెరమీద ఎ, బి, ఎక్స్, వై అని కనిపిస్తుంది. మీ దగ్గర ఉన్నవి గుర్తులు. ఎ అంటే మీ క్రాస్, బి అంటే గుండ్రం, ఎక్స్ అంటే చతురస్రం, వై అంటే త్రిభుజం. ఎక్స్ నొక్కమంటే క్రాస్ నొక్కేస్తారు చాలామంది, గోలు దగ్గర అదే తేడా కొడుతుంది.

మూడోబటన్:
అదే జరుగుతోంది అక్కయ్య గారూ! షూట్ చేయబోయి పాస్ ఇస్తున్నాను. కంట్రోలర్ మీదే అనుమానపడ్డాను.

కేబుల్‌బాబాయి:
కేబుల్ పెట్టి చూశారా?

మూడోబటన్:
పెట్టాను బాబాయ్. చార్జింగ్ అవుతోంది, కంప్యూటర్‌కు కనిపించడం లేదు. బ్లూటూత్‌తోనే ఆడుతున్నాను.

కేబుల్‌బాబాయి:
డేటా తీగలు లేని కేబుల్. పైన రాశాను.

ఎర్రబస్సు:
పీఎస్5 డ్యుయల్‌సెన్స్ ఉన్నవారికి మాత్రం బాబాయి మాటే సరి. ట్రిగ్గర్లు బిగుసుకోవడం, చేతిలో సన్నటి కంపనాలు పీసీలో చాలా గేములకు కేబుల్ పెడితేనే వస్తాయి. కేబుల్ పెట్టగానే లాప్‌టాప్ శబ్దం మాయమైతే కంగారు పడకండి. విండోస్ ఆ కంట్రోలర్‌నే స్పీకరనుకుని శబ్దం అటు పంపుతుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

కొత్తగా_వచ్చాను:
నమస్కారం. నా దగ్గర నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్ ఉంది. పీసీలో ఎ నొక్కితే గేము బి అనుకుంటోంది. కంట్రోలర్ చెడిపోయిందా?

నల్లతెర:
చెడిపోలేదు. నింటెండో వారి ఎ, బి స్థానాలు ఎక్స్‌బాక్స్‌కు తారుమారుగా ఉంటాయి, ఎక్స్, వై కూడా అంతే. స్టీమ్ కంట్రోలర్ సెట్టింగ్స్‌లో నింటెండో బటన్ల అమరిక వాడాలని ఒక మీట ఉంటుంది. దాన్ని వేయండి.

పాతకొట్టు:
స్టీమ్ బయటి గేములకు ఆ మీట పనిచేయదని కూడా చెప్పండి.

నల్లతెర:
లైబ్రరీలో చేర్చుకుంటే పనిచేస్తుంది. పనిచేయకపోతే నాకే నేరుగా సందేశం పంపమనండి, రాత్రి పదింటి తర్వాత ఉంటాను.

పాతకొట్టు:
రాసుకున్నాను.